కవిగారి గండపెండేరం

'కానన' అన్న మాటలో రెండో నకారానికి తలకట్టు నింపి, చాంద్ పాషా కుంచె మొనను ఎడమచేతి బొటనవేలి గోటి మీద రెండుసార్లు తిప్పి సన్నం చేశాడు. షాబాద్ బండ మీద చెక్కిన అక్షరాల గుంటల్లో నిరుటి నల్లరంగు పెచ్చులుగా లేచి ఉంది. దాన్ని చాకు మొనతో గీకి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచి, గుంట ఆరాక కొత్త రంగు పట్టించాలి. అక్షరం అక్షరానికీ ఇదే క్రతువు. మొత్తం అరవై ఒక్క అక్షరాలు. చాంద్ పాషాకూ ఈ ఏటితో అరవై ఒక్క ఏళ్లు. ఈ సామ్యాన్ని గమనించి ఆశువుగా పద్యం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆ బండ కింద పడుకొని ఉన్నాడని లోకం నమ్మకం.

ఆ లోకం, కచ్చితంగా కొలిస్తే, బూర్గంపాడు నుంచి పాల్వంచ దాకా బస్సులో గంట ప్రయాణమంత విస్తీర్ణం గల సాహితీ సామ్రాజ్యం. దానికి చక్రవర్తి కీర్తిశేషులు తురుమెళ్ల వెంకటప్పయ్య గారు. ఆయన పద్నాలుగు కావ్యాలు రాశారు, రెండు అచ్చయ్యాయి, ఒకదాన్ని చదివినవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. కులాచారం కాల్చమన్నా వినక, తనను గోదావరి ఒడ్డు మట్టిలో విత్తనంలా నాటమని కోరి, 1984 మాఘమాసంలో కన్నుమూశారు. బతికుండగా రెండే ఉన్న బిరుదులు పోయాక అయిదయ్యాయి. స్మారక కమిటీకి కొత్త కార్యదర్శి వచ్చినప్పుడల్లా ఒకటి చేరేది. బండ పెరగదు కనుక చాంద్ పాషా ప్రతి కొత్త బిరుదునూ పాతదానికంటే చిన్న అక్షరాల్లో చెక్కి ఇరికించేవాడు. చిట్టచివరి బిరుదు చదవాలంటే మోకాళ్ల మీద వంగక తప్పదు. అలా వంగినవాళ్లు ఫోటోల్లో మహా వినయవంతులుగా పడేవారు.

చాంద్ పాషా ఎప్పుడూ ఏ ఫోటోలోనూ పడలేదు. సన్నటి మనిషి. నలభై ఏళ్లు నిచ్చెనల మీద నిలబడి గోడలకు రాసిన కారణాన కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారి ఉంటుంది. కళ్లద్దాలకు ఒక పక్క కాడ బదులు దారం. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ లొంగని నలుపు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో లారీల నుదుటి మీది దేవుళ్లు, కిరాణా కొట్ల పేర్లు, ఎన్నికల గోడరాతలు అన్నీ ఆయన చేతి మీదుగానే లోకానికి తెలిసేవి. తరువాత ఫ్లెక్సీ అనే ప్రళయం వచ్చింది. ఆ ప్రళయంలో మునగకుండా ఆయనకు మిగిలిన ఏకైక శిఖరం ఈ బండ. ఏడాదికొకసారి, కవిగారి వర్ధంతి ఉదయం, అరవై ఒక్క అక్షరాలు.

ఈ ఉదయంతో అదీ ముగుస్తుంది. నలభై రెండో వర్ధంతి సందర్భంగా కవిగారి అస్థికలను ఇక్కడి నుంచి తీసి, పాల్వంచ రోడ్డు మీద కొత్తగా కట్టిన స్మారక మందిరంలో ప్రతిష్ఠించాలని కమిటీ తీర్మానించింది. మహాకవి ఎక్కడ పుట్టినా, ఎక్కడ గిట్టినా, ఆయన కీర్తి మాత్రం బస్సు ఆగే చోట ఉండాలని కమిటీ అభిప్రాయం. పదకొండు గంటలకు ముహూర్తం. గునపాలు, పారలు పట్టుకొని ముగ్గురు కూలీలు అప్పుడే వచ్చి ఇనుప కంచెకు ఆనుకొని బీడీలు ముట్టించారు. బంతిపూల దండలు చుట్టిన వ్యాను ఒకటి కట్ట మీద నిలబడి ఉంది.

బయలుదేరేటప్పుడు భార్య బేగం గుమ్మంలో నిలబడి అన్న మాట చాంద్ పాషా చెవిలో ఇంకా కుడుతూనే ఉంది.

"ఏంజీ, ఇయ్యాలన్న నోరు తెరుస్తవా, ఎప్పటిలెక్క రంగుడబ్బా మూతే తెరిచి వస్తవా?"

తెరవవలసిన సంగతి ఇది. ఆ బండ కింద కవిగారు లేరు.

1986 వరదలో గోదావరి ఈ ఒడ్డును మొత్తం తన కిందికి తీసుకుంది. నీళ్లు తీశాక నడుం లోతు ఒండ్రు మిగిలింది. సమాధుల గుర్తులన్నీ దానికింద సమానత్వం పొందాయి. కవిగారి బండ మాత్రం రెండు ఫర్లాంగుల దూరాన తాటితోపులో బోర్లా దొరికింది. వర్ధంతి దగ్గర పడింది. ఖమ్మం నుంచి పెద్దలు వస్తున్నారు. ఇరవై రెండేళ్ల చాంద్ పాషాకు ఒక గునపం ఇచ్చి, సమాధి ఎక్కడుందో చూసి బండ నిలబెట్టమన్నారు. అతడు ఒండ్రులో గునపం దించుతూ, తీస్తూ, దించుతూ పోయాడు. ఒకచోట ఖంగుమంది. కవిగారి సిమెంటు గద్దె అనుకున్నాడు. బండ అక్కడ నిలిచింది. పెద్దలు వచ్చి కన్నీరు పెట్టుకొని వెళ్లారు.

ఆ ఏడు నాట్ల కాలంలో ఒక లంబాడీ మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు జైరాం. అడవి అంచున ఉన్న తండా నుంచి వచ్చాడు. బండ చుట్టూ ఒకసారి తిరిగి, కట్ట మీద సైకిలు తుడుచుకుంటున్న చాంద్ పాషాను పిలిచాడు.

"అన్నా, గీ రాయి ఎవలిది?"

చాంద్ పాషా బిరుదులతో సహా చదివి వినిపించాడు. అప్పటికి రెండే కనుక తొందరగా అయిపోయింది.

"గాయన కాదు," అన్నాడు జైరాం. "ఈడున్నది జమ్లి. నా పెండ్లాం. వరద రాకముందు నాట్లకు కూలికొచ్చినప్పుడు జెరమొచ్చి పోయింది. వాన నిలువలే. కట్టె అంటుకోలే. గీన్నే పెట్టిన. గుర్తుకు తలకాడ సగం తిరగలి రాయి పెట్టిన. కట్ట మలుపు కాడికెల్లి అడుగులు లెక్కపెట్టుకున్న."

చాంద్ పాషాకు గునపం ఖంగుమన్న చప్పుడు మళ్లీ వినబడింది. రాయి పీకి పక్కకు పెడతానన్నాడు. జైరాం ఒక బీడీ అయిపోయేదాకా ఆలోచించాడు.

"ఉండనియ్. గింత బండ నాతోని ఏడైతది. గొడ్లు తొక్కవు. ఏటేటా సున్నం ఏస్తరు, పూలు ఏస్తరు. రాసింది ఎవల పేరైతేంది. ఆమెకు సదువొస్తదా, నాకొస్తదా."

అలా ఇద్దరూ నేరంలో భాగస్తులయ్యారు. పదేళ్ల తరువాత కమిటీ కంచె వేసి గేటుకు తాళం బిగించింది. తాళం వర్ధంతి నాడు మాత్రమే తెరుచుకుంటుంది. శ్రావణంలో వచ్చి కంచె బయట నిలబడి వెళ్లిపోయిన జైరాం, ఆ మరుసటేటి నుంచి మాఘంలో రావడం మొదలుపెట్టాడు. ఈ ప్రకారంగా జమ్లి, పోయిన పన్నెండేళ్లకు, తన తిథిని మార్చుకొని కవిగారి తిథిలోకి వచ్చి చేరింది. పండితులెవరూ ఆక్షేపించలేదు.

పది గంటలకు కమిటీ అధ్యక్షులు వెంకటరామారావు కారు దిగారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని స్థిరపడ్డ కుటుంబం. ఇప్పుడు విత్తనాల వ్యాపారం. తెల్లటి ఖద్దరు, మెడలో పట్టు కండువా, చేతిలో మైకు. చాంద్ పాషా కుంచె డబ్బాలో నిలబెట్టి ఎదురు వెళ్లాడు.

"సార్, ఒక్క మాట."

"చెప్పవయ్యా. బస్సు వచ్చేస్తోందట."

"కింద ఉన్నది కవిగారు కాదు సార్."

వెంకటరామారావు మైకు స్విచ్ ఆఫ్ చేసి ఉందో లేదో చూసుకున్నారు. చాంద్ పాషా చెప్పింది మొత్తం, గునపం దగ్గర నుంచి తాళం దాకా, మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. ఆయన ఎవరి మాటనైనా అంతసేపు వినడం ఆ ఒడ్డు ఎన్నడూ చూడలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి ఏడే, సార్."

"అప్పటి నుంచి తెలిసుండి, ముహూర్తానికి గంట ముందు చెప్తున్నావా?"

"ధైర్యం రాలే సార్."

"ఇవాళ కూడా రాకుండా ఉంటే బాగుండేది. సరే, మరి కవిగారు ఎక్కడున్నారు?"

"తెల్వదు సార్. ఈ ఒండ్రు కింద యాడనో. గోదారి తీస్కపోయిందో ఏమో."

"అదిగో. నువ్వు ఒకరిని తీసుకొని ఇంకొకరిని ఇస్తున్నావా? లేదు. ఉన్నవాళ్లను కూడా తీసేస్తున్నావు. పూల వ్యానులో ఖాళీ పెట్టె వేసుకొని ఊరేగమంటావా?" ఆయన గొంతులో కోపం లేదు, లెక్క తేల్చేవాడి ఓపిక ఉంది. "ముప్పై తొమ్మిదేళ్లు దండం పెట్టాం పాషా. మేం దండం పెట్టినవాళ్లే కవిగారు."

"ఆమె మొగడు వస్తడు సార్. ఏటేటా వస్తడు. ఎముకలన్న ఆయనకిస్తే తండాకు తీస్కపోతడు."

"ఎవరు, ఆ ముసలాయనా?"

వెంకటరామారావు మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. పదేళ్లుగా తన ప్రసంగం ఆ ముసలాయనతోనే ముగుస్తోంది. అక్షరం ముక్క రాని అడవి బిడ్డ సైతం ఏడాదికొకసారి మైళ్లు నడిచి వచ్చి మహాకవి పాదాల చెంత మౌనంగా కూర్చుంటాడని, సాహిత్యానికి ఇంతకు మించిన పురస్కారం లేదని ఆయన చెప్పినప్పుడు చప్పట్లు ఆగేవి కావు. నిరుడు చెప్పినప్పుడు తన కళ్లు కూడా చెమర్చాయి.

"ఆయనకు ముందు వరసలో కుర్చీ వెయ్యి," అని మైకు స్విచ్ వేశారు.

బస్సు వచ్చింది. పాల్వంచలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసే ప్రసూన, 'మన చెంతనే మహారచయితలు' అనే సమాధుల దర్శన యాత్రకు నలభై మంది విద్యార్థులను తీసుకొచ్చింది. నిజానికి ఆ చుట్టుపక్కల సమాధి ఉన్న మహారచయిత ఈయన ఒక్కరే కావడం వల్ల యాత్ర ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తుంది. మిగిలిన సమయంలో పులిహోర. ఆమె మాత్రం మోసం లేని మనిషి. కవిగారి కావ్యం చదివిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు. జైరాం అప్పటికే వచ్చి, కుర్చీ ఖాళీగా వదిలి, ఎప్పటిలాగే నేల మీద బండకు తలవైపు కూర్చున్నాడు. తల పూర్తిగా నెరిసింది. ఒళ్లో చిన్న గుడ్డసంచి.

ప్రసూన వంగి అడిగింది. "తాతా, మీకు ఆయన కవితల్లో ఏది ఇష్టం?"

"నాకు సదువు రాదు బిడ్డా. ఊరికె కూసుంట."

ఆమె ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. కళ్లు తుడుచుకుంది.

పదకొండు గంటలకు బండను తాళ్లతో లేపి వ్యానులోకి చేర్చారు. గునపాలు దిగాయి. జైరాం లేచి నిలబడి చాంద్ పాషా వైపు చూశాడు. చాంద్ పాషా నేల చూశాడు. మొదట సగం తిరగలి రాయి బయటపడింది. కూలీలు దాన్ని గట్టు మీదికి గిరాటేశారు. ఇంకా లోతుకు పోయాక మట్టి రంగు మారింది. ఎండుపుల్లల్లాంటి ఎముకలు ఒక్కొక్కటి ఎర్రటి పట్టుగుడ్డ పరిచిన పెట్టెలోకి వెళ్లాయి. మైకులో ఎవరో శ్లోకం చదువుతున్నారు. అప్పుడు ఒక కూలీ, కాలి ఎముకను పైకెత్తి, ఆగిపోయాడు. ఎముక చుట్టూ పచ్చగా చిలుము పట్టిన లావుపాటి కడియం ఒకటి వేలాడుతోంది.

శ్లోకం ఆగింది. ప్రసూన మెల్లగా అడిగింది. "సార్, ఇదేమిటి? కాలికి కడియం?"

వెంకటరామారావు కడియాన్ని అందుకొని, పట్టు కండువా కొసతో రుద్దారు. చిలుము కింద నుంచి పసుపుపచ్చటి మెరుపు ఒకటి పైకి వచ్చింది. ఆయన తలెత్తి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, చాంద్ పాషా కళ్లలోకి చూశారు. తరువాత మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.

"గండపెండేరం," అన్నారు.

ఆ మాట గోదావరి మీదుగా అవతలి ఒడ్డుకు పోయి తిరిగి వచ్చింది. పూర్వం ప్రభువులు మహాకవుల కాలికి స్వయంగా తొడిగే బిరుదు అందె అని, దాన్ని ధరించిన కవులు వేళ్ల మీద లెక్కించదగినవారని, మన కవిగారు తమ నిగర్వం వల్ల ఈ సత్కారాన్ని జీవితాంతం పంచెకట్టు కింద దాచుకున్నారని, బంగారు పూత నేల తినేసినా కీర్తిని తినలేకపోయిందని, ఏ సంస్థానం వారు తొడిగారో పరిశోధకులు తేల్చాలని ఆయన చెప్పుకుపోయారు. చప్పట్లు మొదలయ్యాయి. విద్యార్థులు ఫోన్లు పైకెత్తారు.

జైరాం చేయి గుడ్డసంచిలోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

చాంద్ పాషా రెండు అడుగులు ముందుకు వేశాడు. "అది ఆడమనిషి కడియం, సార్," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "అది జమ్లిది." ముందు వరస తలలు తిరిగాయి. తరువాతి మాట దగ్గులో చిక్కుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంకటరామారావు వచ్చి ఆయన జారిన భుజం మీద చేయి వేశారు.

"ముప్పై తొమ్మిదేళ్లు ఈ సమాధిని సేవించిన చాంద్ పాషా గారు భావోద్వేగంతో మాట తడబడుతున్నారు," అని మైకులో చెప్పారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. చాంద్ పాషా మొట్టమొదటిసారి ఫోటోల్లో పడ్డాడు.

ప్రసూన మాత్రం చప్పట్లు కొట్టలేదు. జైరాం వైపు, చాంద్ పాషా వైపు చూసింది. నోట్‌బుక్ తెరిచింది. ఏమీ రాయకుండా మూసింది.

అద్దాల పెట్టె ఒకటి వ్యానులో సిద్ధంగా ఉంది. కవిగారి కళ్లజోడు పెట్టాలని తెచ్చారు, కళ్లజోడు దొరకలేదు. దానికి అమర్చే తెల్లటి చెక్కపలకను వెంకటరామారావు చాంద్ పాషా ముందు పెట్టారు. "ఒక్క మాటే. నీ చేతి వాటం చూపించు."

చాంద్ పాషా రాయననవచ్చు. చేతిలో కుంచె ఉంది. తెల్లటి పలక ఉంది. ఎన్నేళ్ల నుంచో ఆయనకెవరూ తెల్లటి పలక ఇవ్వలేదు. మనసు ఎక్కడో ఉండగానే చేయి తన పని తాను మొదలుపెట్టింది. 'గండపెండేరం'. రెండు డకారాలూ ఒకే అచ్చులో పోసినట్టు దిగాయి. అర్ధానుస్వారమంత తేడా లేదు. ముగించి వెనక్కి వంగి చూసుకున్నప్పుడు, అది చాలా అందంగా ఉందని ఆయనకు తెలిసింది. అదే ఆయన్ను అన్నిటికంటే కుంగదీసింది.

రెండింటికల్లా వ్యాను, కారు, బస్సు వెళ్లిపోయాయి. గేటుకు తాళం వేయవలసిన అవసరం తీరింది కనుక అది బార్లా తెరిచి ఉంది. గొయ్యి పక్కన జైరాం కూర్చున్నాడు. చాంద్ పాషా వెళ్లి పక్కన చతికిలబడ్డాడు.

"యాడికి తీస్కపోయిండ్రు?" అన్నాడు జైరాం.

"పాల్వంచ రోడ్డు మీద. కొత్త బిల్డింగు. గచ్చు, ఫ్యాన్లు అన్నీ ఉన్నయి."

"ఫ్యాన్లా." జైరాం గొయ్యిలోకి వంగి చూశాడు. "మంచిగైంది. ఆమెకు ఉక్క పడకపోయేది."

"నేను తోల్కపోతనన్నా. ఆదివారం బందట. మిగిలిన దినాలల్ల తెరుస్తరు."

"నా కాళ్లు బస్సు మెట్టెక్కనియ్యవు పాషా భాయ్. ఈడిదాకా రానీకే నిన్న పొద్దుగాల బయలెల్లిన."

"చెప్పిన అన్నా. నువ్వు రాకముందే చెప్పిన సార్‌కు."

"నువ్వు చెప్తవని నాకెర్కే. ఆయన ఇంటడని నువ్వెట్ల అనుకున్నవో అదే తెల్వదు."

జైరాం నవ్వాడు, పళ్లు రెండే మిగిలాయి. సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి విప్పాడు. అందులో ఇత్తడి కడియం. మట్టిలోంచి వచ్చినదానికి జోడీ. చేతుల్లో తిరిగి తిరిగి నునుపెక్కి, ఒక పక్క పలచబడి ఉంది.

"కుడికాలు వాసింది అప్పుడు. కడియం రాలే. సబ్బు పెట్టిన, నూనె పెట్టిన. ఎడమది వచ్చింది."

"అందరి ముంగట గిది తీసి చూపియ్యకపోతివి?"

"ఎట్ల చూపియ్యాలె. దొంగదంటరు. కాదంటే ఇది గూడ తీస్కపోయి అద్దాలల్ల పెడ్తరు."

కూలీలు తిరిగి వచ్చి గొయ్యి పూడ్చసాగారు. జైరాం సగం తిరగలి రాయిని దొర్లించుకుంటూ వచ్చి అంచు నుంచి లోపలికి నెట్టాడు. ఎందుకని కూలీలు అడగలేదు. మట్టి సగానికి వచ్చాక, తాను తెచ్చిన రొట్టె తుంచి, ముక్క మట్టి మీద వేసి, ముక్క చాంద్ పాషా చేతిలో పెట్టి, మిగిలింది తాను నమిలాడు.

"ఇంక రాను," అన్నాడు. "గేటు తీస్తరా తియ్యరా అని యాడాది పొడుగునా చూసుడు ఒకటి తప్పింది."

చాంద్ పాషా డబ్బాలు గొయ్యి పక్కనే వదిలి, చేతులు కడుక్కోవడానికి నీళ్ల దాకా దిగి వెళ్లాడు. గోళ్ల నలుపు ఎప్పటిలాగే పోలేదు. తిరిగి వచ్చేసరికి జైరాం కట్ట మీద చాలా దూరం పోయి ఉన్నాడు. చేతికర్ర ముందు పడేది, తరువాత ఒక కాలు, కొంత ఆలోచించి రెండో కాలు. ఆ నడకను చాంద్ పాషా మళ్లీ చూడలేదు. ఆ ఏడు నాట్లు పడకముందే తండాలో జైరాం పోయాడని కూలికి వచ్చినవాళ్లు చెప్పారు. ఎక్కడ పెట్టారని ఆయన అడిగాడు. కాల్చారట. ఎండాకాలం, కట్టె బాగానే అంటుకుందట.

అది తరువాతి మాట. ఆ సాయంత్రం చాంద్ పాషా చాకును గుడ్డలో చుట్టి, రంగుడబ్బా మూత బిగించి, కుంచె కడగడానికి కిరసనాయిలు డబ్బాలో ముంచాడు. కుంచె తగిలి అడుగున ఏదో కదిలి, చిన్నగా ఖంగుమంది. ఆయన డబ్బాను వెలుతురుకు వంచాడు. అరవై ఒక్క అక్షరాల నలుపు విడిపోయి తేలుతున్న కిరసనాయిల్లో, అడుగున, ఒక పక్క పలచబడిన ఎడమకాలి ఇత్తడి కడియం పడి ఉంది.